సునీతకు చేయని ఫోన్

2012 సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం నారాయణగూడలో మా చర్చి క్వయర్ ప్రాక్టీసు జరుగుతోంది. పైస్థాయికి వెళ్ళేసరికి నా గొంతు చటుక్కున ఆగిపోయింది. వెనక వరసలోని సునీత ఆ చరణాన్ని అందుకుని ముగించింది. ఎవరికీ తేడా తెలియలేదు. గొంతు పోయినందుకు కాదు, అందుకున్నది ఆమె అయినందుకు నాకు ఒళ్ళు మండింది.

దాచడం దేనికి, ఆమె పాటంటే నాకు మొదటినుంచీ కుళ్ళే. నేను ఏళ్ళ తరబడి సాధన చేసి తెచ్చుకున్నది ఆమెకు అన్నం కలుపుకున్నంత తేలిగ్గా వస్తుంది. మా క్వయర్‌లో ఒక నియమం ఉంది. చివరి ప్రాక్టీసుకు రానివాళ్ళు క్రిస్మస్ ఆరాధనలో పాడకూడదు. వేళ మారితే అందరికీ ఫోన్ చేసే పని నాది. 2009లో చివరి ప్రాక్టీసు ఒకరోజు ముందుకు జరిగింది. అందరికీ ఫోన్ చేశాను, సునీతకు తప్ప. అడిగితే "రింగయింది, ఎత్తలేదు" అన్నాను. ఆమె పాడాల్సిన పాట నేను పాడాను. బిడ్డ పాట వినాలని ఆ ఏడే వాళ్ళమ్మ ఊరినుంచి వచ్చింది. ఇద్దరూ వెనక బెంచీలో కూర్చున్నారు. మరుసటి వేసవిలో ఆ తల్లి చనిపోయింది.

2012లో ఆ సాయంత్రం తరవాత గొంతు బొంగురుపోయినా నేను మూడు నెలలు మిరియాల కషాయంతోనే నెట్టుకొచ్చాను. చివరికి చిక్కడపల్లిలో కూరగాయలమ్మే ఆమె "ఏందమ్మా, గొంతు ఇంక గట్లనే ఉంది, డాక్టర్‌కు చూపియ్యరాదా" అంటే సిగ్గుపడి అశోక్‌నగర్‌లో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మెడ తడిమి "ఈ గడ్డ ఎన్నాళ్ళనుంచి?" అన్నారు. నాకు తెలియనే తెలియదు. స్కానింగ్ అయింది, మెడలో సూది గుచ్చి చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ అయింది. రిపోర్టులో "సస్పీషియస్" అని వచ్చింది, అంటే క్యాన్సర్ అనుమానం.

"సగం థైరాయిడ్ తీసేద్దాం. బయాప్సీలో తేలిపోతుంది. గొంతు నరం పక్కనే ఉంటుంది, జాగ్రత్తగా చేస్తాం" అన్నారు సర్జన్.

ఆపరేషన్ అయింది. బయాప్సీలో క్యాన్సర్ కాదని తేలింది. మా ఆయన ఆసుపత్రి మెట్లమీదే కూర్చుని ఏడ్చాడు. కానీ నా నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. గొంతులోకి చిన్న కెమెరా పంపి లారింగోస్కోపీ చేసి చూశారు. "ఎడమ వోకల్ కార్డ్, అంటే స్వరతంత్రి, కదలట్లేదు. చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది. పదిరోజులు వాయిస్ రెస్ట్. గుసగుసలు కూడా వద్దు" అన్నారు. మా ఆయన పిల్లల పలక, బలపం కొనుక్కొచ్చాడు.

చూడ్డానికి వచ్చిన పాస్టర్‌గారికి పలకమీద "ఇది శిక్షా?" అని రాసి చూపించాను.

"దేవుడు నరాలు పట్టుకుని పగ తీర్చుకునేటాయన కాదమ్మా. మనసుల బరువుంటే ఎవరికి చెప్పాల్నో వాళ్ళకే చెప్పు" అన్నారు.

ప్రతినెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ముందు, ఎవరితోనైనా తప్పు జరిగి ఉంటే సరిచేసుకోమని ఆయన చెబుతూనే ఉంటారు. మూడేళ్ళుగా నేను తల వంచుకుని రొట్టె తీసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు సునీత రాగిజావ తెచ్చింది. నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలోనూ గొంతు ఎంత బాగుందో అని నా కడుపు మండింది, అంతలోనే నామీద నాకే అసహ్యం వేసింది. పలక తీసుకున్నాను. "2009లో నీకు ఫోన్ చేయలేదు. కావాలనే" అని రాశాను.

రెండుసార్లు చదివింది. "మా అమ్మ నా పాట ఇందామనే వచ్చిందక్కా" అంది. జావ డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు. తరవాతి మొదటి ఆదివారం, ఇంకా మాట రాకుండానే, ప్రభువు బల్ల దగ్గర మోకాళ్ళూనాను. పక్కన ఎవరో వచ్చి మోకరించారు. చూస్తే సునీత.

"కోపం పోలేదక్కా. గని మాఫ్ చేసిన. రోజు పొద్దుగాల మళ్ళ చెయ్యాల్సొస్తున్నది" అంది మెల్లగా. "పలక మీద తప్పయిందని మాత్రం రాయలేదు నువ్వు."

నిజమే, రాయలేదు. చేసింది రాశాను, అంతే. క్షమించడంలో కూడా ఈమె నాకంటే ముందే ఉందే అని ఆ మోకాళ్ళమీదే ఒకసారి కుళ్ళుకుని, తరవాత ఏడ్చాను.

ఆ మాట ఇక నోటితోనే చెప్పాలని స్పీచ్ థెరపీకి తిరిగాను. ఆపరేషన్ అయిన ఏడో నెలలో గొంతు పెగిలింది. ఆ పొద్దున మా ఆయనను కూడా పలకరించకుండా నేరుగా ఫోన్ తీశాను.

"సునీతా, తప్పయింది నాది."

"ఇనవడ్డదక్కా" అంది.

ఇప్పుడు 2014. పైస్థాయి పోయింది, ఇక రాదన్నారు. క్రిస్మస్‌కు సునీత పైస్థాయిలో పాడుతుంటే నేను కింది స్వరం పాడతాను. కుళ్ళు పూర్తిగా పోయిందంటే అబద్ధం. అది లేచిన రోజు ఆమెలాగే నేనూ పొద్దున్నే దాన్ని వదులుకోవడం మళ్ళీ మొదలుపెడతాను. ప్రాక్టీసు వేళ మారితే మొదటి ఫోన్ ఆమెకే.

ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఎవరికైనా తప్పయిందని చెప్పాల్సి ఉంటే ముందురోజే నోటితో చెప్పి వెళ్ళండి. నాకు ఆ ఒక్కమాటకు ఏడు నెలలు పట్టింది.