పదకొండో ఫర్లాంగు

గల్ఫ్‌లోని రాస్ లఫాన్‌లో స్కఫోల్డింగ్ పని చేసే హన్మాండ్లు నాకు చేసిన మేలు చెప్పాలంటే, ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి.

మా తాతగారు ఉత్తర తెలంగాణ అడవిలో కలప డిపో గుమాస్తా. టేకు దుంగలు మోసిన ట్రాలీ లైను పటం, ప్రమాదాల రిజిస్టరు ఆయన నాకు వదిలిన ఆస్తి. పట్టాలు పీకేసి నలభై ఏళ్లు దాటింది, అడవి మళ్లీ కమ్ముకుంది. ఆ లైను మీద పుస్తకం రాద్దామని రెండేళ్లు ఉపగ్రహ చిత్రాలతో కుస్తీ పట్టాను. పేరుకి సర్వే ఇంజనీరుని. పచ్చదనం తప్ప ఒక్క గీతా దొరకలేదు.

ఓ శుక్రవారం ఉమ్ ఘువైలినాలోని తెలుగు మెస్సులో బల్ల మీద పటం పరిచాను. ఎదురుగా అన్నం తింటున్న హన్మాండ్లు చెయ్యి ఆగిపోయింది.

"సార్, గిది మా ఊరి అడివి. సీతాఫలం చెట్ల వరస పట్టుకొని పోతే గదే లైను. ట్రాలీల మీద పొయ్యేటోళ్లు పండ్లు తినుకుంట గింజలు ఊంచిండ్రు. అవే మొలిచినయి."

రెండేళ్ల కుస్తీ నాలుగు ముక్కల్లో తేలిపోయింది. నాకు కొంచెం మండింది కూడా, దాచడమెందుకు!

"మా బాపు రాజన్న ట్రాలీకి బ్రేకు పట్టెటోడు," అన్నాడతను మెల్లగా. "నాకు మూడేండ్లప్పుడు దుంగల కింద పడి సచ్చిపోయిండు. అడివిల యాడనో అన్నరు, జాగ ఎవలూ చూపియ్యలే. మా అవ్వ ముసల్దయింది. ఆడ ఒక్క దీపం పెట్టాలంటది. మీ కాయితాలల్ల ఏమన్న ఉందా సార్?"

అన్నం సగంలో వదిలేసి నాతో అల్ సద్‌లోని మా ఇంటికి వచ్చాడు. రిజిస్టరులో తాతగారి దస్తూరీ దొరికింది: బ్రేకు మనిషి రాజన్న, డిపో నుంచి పదకొండో ఫర్లాంగు, వాగు దాటగానే.

"ఇంకోపారి సదువుండ్రి సార్," అన్నాడు. మూడుసార్లు చదివాను.

మరుసటి శుక్రవారం ఊళ్లో ఉండే అతని బామ్మర్ది రత్నాకర్ సీతాఫలం చెట్ల వెంట టేపుతో కొలుచుకుంటూ వెళ్లాడు. వెనకే హన్మాండ్లు తల్లి బాలవ్వ. మేమిద్దరం ఇక్కడ మా ఇంట్లో కూర్చుని ఫోనులో వీడియో కాల్ చూస్తున్నాం. వాగు దాటగానే వంతెన రాళ్లు రెండు మిగిలి ఉన్నాయి. బాలవ్వ ఒక రాయి పక్కన దీపం పెట్టింది. లేచి నిలబడి చుట్టూ చూసింది. ఆ రాయి మీదే కూలబడింది.

"కట్టెలకు పొయ్యి వచ్చేటప్పుడు మోపు దించి గీ రాయి మీదనే కూసునేదాన్ని బిడ్డా. ఇన్నేండ్లు మీ బాపు పక్కనే కూసున్ననా!"

హన్మాండ్లు ఫోను నా చేతికిచ్చి గోడవైపు తిరిగాడు. "అమ్మా, మీకు దండం," అన్నాను.