సంపూర్ణ చేసిన ఎదురు బరువులు

వైరాలో బస్టాండు దాటాక రోడ్డు పక్కన ‘ఏసయ్య లేత్ వర్క్స్’ అని బోర్డు ఉంటుంది. లోపల పని చేసేది మాత్రం ఏసయ్య భార్య సంపూర్ణ. పక్షవాతం వచ్చి ఏసయ్య కుడిచెయ్యి పడిపోయినప్పుడు లేత్ మిషను అమ్మేయమని చుట్టాలంతా చెప్పారు. ఆమె వినలేదు. అప్పటికే భర్త పక్కన నిలబడి చాలా పని నేర్చుకుంది. ట్రాక్టరు ఇరుసులూ బోరు మోటార్ల షాఫ్టులూ తెచ్చే రైతులు మొదట్లో గుమ్మంలోనే ఆగి, “ఏసన్న లేడా?” అని అడిగేవారు.

“నేనున్న గదా. ఏం పనో చెప్పు” అనేది. కొన్నాళ్లకు అలా అడగడం మానేశారు.

ఒకరోజు సీతయ్య వచ్చాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎర్రుపాలెం దగ్గర మామిడితోట షెడ్డులో తుప్పుపట్టి పడి ఉన్న పాతకాలపు కారును ఇంటికి తెచ్చుకుని, ఒక్కో భాగమే బాగుచేసుకున్నాడు. దాదాపు వందేళ్ల నాటి బండి. నడిచేది కానీ, కాస్త వేగం పెంచితే చాలు, స్టీరింగు పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కేలా అదిరేది. భార్య వనజను ఎక్కించుకుని అందులో భద్రాచలం వెళ్లాలని ఆయన కోరిక.

ఆ అదురంతా క్రాంక్ షాఫ్టుది. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకునే ఊపును చక్రాల తిరుగుడుగా మార్చే వంకర ఇరుసు అది. ఇప్పటి ఇంజిన్లలో ఆ వంకరలకు అవతలి పక్కన ఎదురు బరువులు ఉంటాయి. ఒక పక్క లాగితే రెండో పక్క సరిచేస్తాయి. ఈ కారు చేసినవాళ్లు అవి పెట్టలేదు. తర్వాతి కాలంలో వేరేవాళ్లు అలాంటి కార్ల కోసం విడిగా చేసి అమ్మారు. సీతయ్య విదేశం నుంచి ఒక సెట్టు తెప్పించి సంపూర్ణ ముందు పెట్టాడు.

“మంచిగ బిగించి ఇయ్యి బిడ్డా.”

ఆమె బిగించింది. ఇరుసు ఒకచోట ఎప్పుడో ఎవరో ఆకురాయితో రాకినట్టుంది, బరువుకూ ఇరుసుకూ మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. బోల్టు గట్టిగా తిప్పితే ఆగుతుందనుకుంది.

కారు మెత్తగా నడిచింది. సీతయ్య సంబరపడి, వనజను ఎక్కించుకుని బయల్దేరాడు. కొత్తగూడెం దాటి అడవిలోకి వచ్చాక ఇంజిన్ కింద ఫెడేలుమని చప్పుడైంది. నూనె రోడ్డంతా పారింది. వనజ కారు దిగి, దూరంగా వెళ్లి నిలబడింది.

కారును లారీ మీద వైరాకు తెచ్చారు. సంపూర్ణ ఇంజిన్ విప్పింది. ఆ సందు దగ్గరి బరువే ఊడి, అడుగునున్న నూనె తొట్టిని చీల్చింది. నూనె పోవడంతో బేరింగులు కరిగిపోయాయి. అదృష్టం, ఇరుసు మాత్రం వంగలేదు.

“తప్పు నాది సార్. సందు చూసి గూడ బిగించిన” అంది సీతయ్యతో.

“పాతబండి తల్లీ, నువ్వు మాత్రం ఏం చేస్తవ్? ఇగ షెడ్డులనే ఉండనీ” అన్నాడు సీతయ్య.

“నేనైతే ఇగ ఎక్క. చెప్తున్న” అంది వనజ.

“ఎక్కకు వనజమ్మా. మొదలు నేనే కూసుంట. ఇది నడిచేదాంక నేను ఇడిచిపెట్ట” అంది సంపూర్ణ.

ఇంట్లో ఏసయ్య అన్నాడు, “వెల్డింగ్ పెట్టరాదు? ఊడే మాటే ఉండదు.”

“వేడికి ఇరుసు వంగదా? నువ్వే చెప్పినవ్ గదా నాకు.”

“అవ్. మరేం చేస్తవ్?”

“ఏ వంకర కొలత దానిదే. దాని కొలతకే కొత్తయి చేస్త.”

దళసరి ఉక్కు పలక కోసి మొదటి బరువు చేసింది. బిగించి తిప్పి చూస్తే ఇంజిన్ లోపలి గోడకు తగిలింది. పక్కన పడేసి ఇంకోటి కోసింది. ఇరుసుకు నీలిరంగు పూసి, బరువును నొక్కి, రంగు అంటినచోట మాత్రమే కొద్దికొద్దిగా రాకేది. రంగు అంతటా సమానంగా అంటేదాకా, సందన్నది లేకుండా పోయేదాకా వదిలేది కాదు. భుజాలు పీకేవి. ట్రాక్టర్ల పని ఆగిపోతోందని రైతులు విసుక్కున్నారు. పొద్దంతా వాళ్ల పని, సాయంత్రాలు ఈ పని పెట్టుకుంది.

కరిగిన బేరింగుల చోట మూస పెట్టి, కరిగించిన తెల్లలోహం పోయాలి. ఆ పని ఏసయ్యకు బాగా తెలుసు. కుర్చీ వేసుకుని మూసవైపే చూస్తూ, “ఆగు... ఆగు... ఇగ పొయ్యి. మధ్యల ఆపకు” అన్నాడు. ఆమె ఒక్క ధారగా పోసింది. చెయ్యి పడిపోయాక ఆయన గొంతులో అంత హుషారు వినడం ఆమెకు అదే మొదలు.

ఆఖరున బరువులు బిగించిన ఇరుసును మట్టంగా పెట్టిన రెండు పట్టాల మీద ఉంచింది. అది మెల్లగా దొర్లి, బరువెక్కువ ఉన్న పక్క కిందికి వచ్చి ఆగింది. అక్కడ డ్రిల్లుతో కాస్త లోహం తీసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ దొర్లింది. ఎలా పెట్టినా కదలకుండా నిలిచినరోజు ఏసయ్యను పిలిచి చూపించింది. ఆయన ఎడమ చేత్తో ఇరుసును తిప్పి వదిలాడు. అది ఉన్నచోటే ఉండిపోయింది.

“గట్ల ఉండాలె” అన్నాడు.

బోల్టులు వదులు కాకుండా తీగతో కట్టి, తిరిగితే తెలిసేలా ఒక్కోదాని మీద తెల్లరంగు గీత పెట్టింది. చీలిన నూనె తొట్టికి అతుకు వేసింది. సీతయ్య తోలుతుంటే ముందు సీట్లో తనే కూర్చుని వైరా నుంచి తల్లాడ దాకా పోయి వచ్చింది. అదురు తెలియడానికి కాలికింద రేకు మీద అరచెయ్యి ఆనించే కూర్చుంది. రాగానే ఇంజిన్ కింద విప్పి చూసింది. గీతలు కదల్లేదు.

వనజ అదంతా చూస్తూ నిలబడింది. “నువ్వు గూడ వస్తనంటే వస్త” అంది.

ముగ్గురూ బయల్దేరారు. అడవిలో నూనె పారిన చోటు రాగానే వనజ సంపూర్ణ మణికట్టు పట్టుకుంది. కారు ఆగలేదు. పాల్వంచ దాటింది, సారపాక దాటింది. గోదావరి వంతెన మీద సీతయ్య స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి, వేళ్లు చాపి చూసుకున్నాడు.

“తిమ్మిరి లేదు!” అని అరిచాడు.

వనజ నవ్వింది. “ముందుకు చూసి తోలు.”

భద్రాచలంలో వాళ్లిద్దరూ గుడికి వెళ్లారు. సంపూర్ణ కారు నీడలో టవల్ పరుచుకుని, కిందికి దూరి, నూనె ఎక్కడైనా కారుతోందేమోనని వేలితో తడిమి చూసింది. వేలు పొడిగా ఉంది. అక్కడే కళ్లు మూసుకుని, వాళ్లు ప్రసాదం తెచ్చి లేపేదాకా హాయిగా నిద్రపోయింది.