వాల్‌బుర్గా పొట్లాల్లో చేరిన విషం

"అమ్మా, ఆయన్ని రానివ్వకు! సూదిలో విషం పెడతాడు!"

డిఫ్తీరియాతో గొంతు పూడుకుపోతున్నా ఏడేళ్ల హెల్గా అరిచింది. డాక్టర్ లీలియన్‌థాల్ సంచి పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ పిల్లకు పురుడు పోసిందీ ఆయనే. తల్లి రోస్‌వితకు అరికాలి మంట నెత్తికెక్కింది. రసాయనశాస్త్రం చదివిన మనిషి, ఆ మందేమిటో తెలిసిన మనిషి. కన్నపిల్లకే నచ్చజెప్పలేకపోతోంది.

"ఎవరే చెప్పింది నీకు?"

"టీచరు. బొమ్మ కూడా చూశాను. యూదు డాక్టరు, వంకర ముక్కు, చేతిలో సూది... మన దుప్పట్లకు చుట్టిన కాగితంలో!"

ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి అప్పుడే మెట్లెక్కి వచ్చిన వాల్‌బుర్గా అక్కడే కొయ్యబారిపోయింది.

యుద్ధంలో మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా ఆ వీధి బట్టలన్నీ ఉతికేది ఆమే. ఇస్త్రీ చేసినవాటిని కాగితంలో చుట్టి, దారం కట్టి ఇవ్వడం ఆమె పద్ధతి. రెండేళ్లుగా నాజీ పార్టీ మనిషి క్నోబ్లాఖ్ తమ పాత పత్రికలు కట్టలకొద్దీ ఊరికే తెచ్చిపడేస్తున్నాడు. ఊరికే వస్తున్నాయి కదా అని ఆమె చుట్టేసింది, ఏముందో చూడకుండానే. ఇప్పుడు చేతిలోని పొట్లం కాగితం చూసింది.

"ఛీ! ఈ పెంటనా నేను ఇంటింటికీ మోసింది!" పరపరా చించి పొయ్యిలో పడేసింది. మంచం పక్కన కూర్చుంది. "ఒసే హెల్గా, ఈయన కోట్లు ఉతికేది నేనేనే. ప్రతి జేబూ తిరగేస్తాను. ఏముంటాయో తెలుసా? పిప్పరమెంట్లు! విషమే ఉంటే ముందు నేను చావాలిగా?"

"పిప్పరమెంట్ల సంగతి మా ఆవిడతో అనకు తల్లీ," అన్నాడు డాక్టరు.

హెల్గా నవ్వబోయి దగ్గింది. సూదికి చెయ్యి చాచింది.

పిల్ల బతికింది. క్నోబ్లాఖ్ మళ్లీ కట్ట తెచ్చాడు.

"వద్దు బాబూ, సిరా అంటుకుంటోంది. మీ ఆవిడ తెల్ల జాకెట్టు చూళ్లేదా?" అంది వాల్‌బుర్గా.

కానీ మరుసటి ఏటికల్లా పార్టీవాళ్లు డాక్టరు ఇంటి ముందు బోర్డు పీకేశారు. ఆయన చేతి మందుతో బతికిన వీధి వీధంతా తలుపులేసుకుని కూర్చుంది. రోస్‌విత ఒళ్లు మండిపోయి బడికి బయల్దేరింది. "ఆ టీచర్ని కడిగేస్తాను వాల్‌బుర్గా అత్తా!"

వాల్‌బుర్గా అడ్డం నిలబడింది. "కడిగితే నిన్ను పట్టుకుపోతారు. పిల్ల వాళ్ల చేతుల్లో మిగులుతుంది, అదా నీక్కావాల్సింది? కోపం చల్లార్చుకోకు, దాచుకో. రోజూ పిల్లనే అడుగు. ఇవాళ ఎవర్ని తిట్టించారు? వాళ్లలో నువ్వెరిగిన మనిషి ఒక్కరి పేరు చెప్పు, నీకేం చేశారో చెప్పు, అను. నువ్వు జవాబు చెప్పకు. దాన్నే వెతుక్కోనీ."

ఇప్పుడు రోజూ పొద్దున జడలల్లుతూ రోస్‌విత అదే అడుగుతోంది. కొన్నాళ్లు హెల్గా బడిలో నేర్పింది అప్పజెప్పేది. ఈమధ్య డాక్టరు పేరు దగ్గర ఆగిపోతోంది. రోస్‌విత పళ్లు బిగించి రెండో జడ అల్లుతుంది.