ఆదివారం చప్పిడి, కవరు వెనక సోడియం

మా అమ్మ ఆదివారం ఉప్పు ముట్టదు. నాకు నాలుగేళ్ళప్పుడు కళ్ళు రెండూ వాచి, రెప్పలు అతుక్కుపోయి, వీడికి చూపు దక్కదని చుట్టాలంతా కూర్చుని తీర్మానించేశారట. అమ్మ నన్ను చంకనేసుకుని అరసవల్లి వెళ్ళి, పిల్లాడి కళ్ళు నిలబెడితే బతికున్నన్నాళ్ళూ ఆదివారం చప్పిడి తింటానని సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. కళ్ళు నిలబడ్డాయి. డాక్టరుగారు వేసిన చుక్కల మందు కూడా కొంత పనిచేసే ఉంటుంది గానీ, పాపం ఆయన పేరున ఎవరూ ఉప్పు మానెయ్యలేదు.

అప్పట్నుంచీ నలభై ఏళ్ళుగా ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కంచంలో ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని కూర. జ్వరమొచ్చినా, పెళ్ళికెళ్ళినా అంతే. మా పెళ్ళి భోజనాలు ఆదివారం పడితే, అందరూ పులిహోర రెండోసారి వడ్డించుకుంటుంటే ఆవిడ మజ్జిగలో అన్నం కలుపుకుని లేచిపోయింది.

ఆమధ్య మా ఆవిడకి వరసగా ఆదివారం డ్యూటీలు పడ్డాయి. ఆవిడ నర్సు. దాంతో ఆదివారం వంట నా నెత్తిన పడింది. నేను రాజాంలో సైన్సు మాస్టర్ని. సమతులాహారం గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగలను, వండమంటేనే కాస్త ఇబ్బంది.

ఆ ఇబ్బంది తీర్చడానికే అన్నట్టు బజార్లో కొత్త సూపర్‌మార్కెట్టు ఒకటి వెలిసింది. అందులో నిలువెత్తు ఫ్రీజరు, ఫ్రీజర్లో కోసి, వేయించి, గడ్డకట్టించిన బంగాళాదుంప ముక్కల కవర్లు. కవరు మీద పచ్చటి పొలం, నవ్వుతున్న రైతు. మా వైపు ఏ రైతూ దుంపలు తవ్వుతూ అంత హాయిగా నవ్వగా నేను చూడలేదు. ‘నిజమైన బంగాళాదుంపలతో చేసినది’ అని రాసుంది, అబద్ధపు బంగాళాదుంపలు ఎక్కడ పండుతాయో మరి. ‘కొలెస్ట్రాల్ సున్నా’ అని కూడా రాసుంది. బంగాళాదుంపకి కొలెస్ట్రాల్ లేదని గొప్ప చెప్పుకోవడం, మా ఇంటి పిల్లికి కొమ్ముల్లేవని చెప్పుకోవడం లాంటిదే. అయినా నేను బుట్టలో వేసుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, అచ్చులో ఉన్నదంతా నమ్ముతాను.

ఆ ఆదివారం ముక్కల్ని నూనెలో వేయించి, మహా పాకశాస్త్ర ప్రవీణుడిలా అమ్మ కంచంలో పెట్టాను.

“ఏట్రా ఇది?” అంది.

“బంగాళాదుంపలేనమ్మా. నీ చప్పిడికి సరిగ్గా సరిపోతాయి. ఉప్పు డబ్బా మూత కూడా తియ్యలేదు.”

ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

“బాగున్నాది. నువ్వే ఏయించినావేటి?”

“నేనే!”

“మరైతే ఇంకో నాలుగు ఎయ్యి.”

ఆ పొగడ్తకి నేను రెండంగుళాలు పెరిగాను. వరసగా తొమ్మిది ఆదివారాలు అదే వంట. ‘నలభై ఏళ్ళుగా మా అమ్మ చప్పిడి కూర తింటుంటే రుచిగా పెట్టొచ్చని ఒక్కరికీ తోచలేదు, నాకు తోచింది’ అని స్టాఫ్ రూములో కూడా చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళూ చదువుకున్నవాళ్ళే.

తర్వాత ఎనిమిదో తరగతికి ఆహారం పాఠం వచ్చింది. తినే ముందు కవరు వెనక చదవడం నేర్చుకోవాలని పిల్లలకి హితబోధ చేసి, ఆదర్శంగా ఉంటుందని మా ఇంటి ఖాళీ కవరే పట్టుకెళ్ళాను. ముందు వైపు రైతుకి అంత చోటిచ్చినవాళ్ళు వెనకవైపు పోషకాల పట్టికకి చీమ తలకాయంత అచ్చు ఇచ్చారు. చదవడం మొదలుపెట్టాను. లెక్కలన్నీ వంద గ్రాములకి. వంద గ్రాములు తిని ఆగిపోయిన మనిషిని కంపెనీవాడు ఎక్కడ చూశాడో తెలీదు. మాంసకృత్తులు ఉన్నాయంటే ఉన్నాయి. కొవ్వు ఫర్వాలేదన్నట్టే ఉంది, ఎందుకంటే ఇంటికి తెచ్చాక మనం మూకుడు నిండా పోసే నూనె వాళ్ళ పట్టికలోకి రాదు. ఆ కింద సోడియం, మిల్లీగ్రాముల్లో మూడంకెలు.

“సోడియం అంటే ఏమిటి? ఏ రూపంలో తింటాం?” అని ధీమాగా అడిగాను.

“ఉప్పండీ!” అంది క్లాసంతా ఒక్కసారే.

“శభాష్” అనబోయి ఆగిపోయాను. కిందకి చూస్తే దినుసుల వరస కూడా ఉంది: బంగాళాదుంపలు, పామాయిలు, బియ్యప్పిండి, ఉప్పు. ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారని రెండు నిమిషాల ముందే బోర్డు మీద రాసింది నేనే. సోడియం క్లోరైడ్ అంటే ఉప్పని చెప్పి నెలనెలా జీతం పుచ్చుకుంటూ, కన్నతల్లి మొక్కులో తొమ్మిది వారాలు ఉప్పు పోశాను. సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. 

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, తప్పు చేసిన కుర్రాడిలా మొత్తం చెప్పేశాను. ఆవిడ గింజలు తీయడం ఆపలేదు.

“నాకు మొదటి ముక్కకే తెలిసినాదిరా” అంది.

“తెలిసీ తిన్నావా?”

“నలబయ్యేళ్ళు ఆదివారం ఉప్పు తగలని నాలిక. తెలీకుండా ఎలగుంటాది?”

“మరి చెప్పొద్దా అమ్మా! ఉమ్మేసుండాల్సింది.”

“పుట్టి బుద్దెరిగాక మొదటిసారి నాకోసం పొయ్యి ముట్టించినావు. ఉమ్మేస్తే మళ్ళీ ఆ దిక్కుకి పోతావేటి?” అని గింజ ఒకటి పక్కన పడేసింది. “సామితో సెప్పుకున్నాను. ఆదివారం నా కొడుకు పెట్టింది తింటాను, నీ బాకీ సోమవారం సెల్లిస్తానని. ఈ తొమ్మిది సోమవారాలూ నువ్వు ఇస్కూలుకెళ్ళాక సప్పిడే తిన్నాను.”

అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూసింది.

“ఒరే, ఉప్పు మానేసి నీకు కళ్ళు నిలబెట్టుకున్నాను కదా. ఆ కళ్ళెట్టుకుని కవరు ఎనకాతల ఓపాలి సూడలేపోయావేటిరా?”

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ వచ్చే ఆదివారం సంతలో కొన్న దుంపలు ఉడకబెట్టి, తొక్క తీసి, పసుపూ పచ్చిమిరపా వేసి కూర చేశాను. అమ్మకి వడ్డించి, నేనూ అదే కూర కంచంలో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. పుట్టాక మొదటిసారి. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మట్టి నమిలినట్టుంది, గొంతు దిగనంటోంది.

“మొదటి ముద్దే కష్టం. మింగీ” అంది అమ్మ.

మింగాను. ఇంకోటి తిన్నాను.

“రెండోదీ అలాగే ఉందమ్మా.”

“అవును” అంది ఆవిడ తన ముద్ద కలుపుకుంటూ. “నలబయ్యేళ్ళుగా అలగే ఉన్నాది.”