ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు

మే నెల, ఆదివారం. ఎండ తీవ్రం. హాజరైనవారు: నేను, మా కోడలు స్వరూప, ఇంటి దగ్గర నా భార్య సత్తెమ్మ. నలభై ఏళ్ళ నా డైరీల్లో ఇంత పద్ధతిగా జరిగిన సర్వనాశనం మరొకటి లేదు.

అప్పటికి నాకు అరవై మూడేళ్ళు. కుర్రతనం, ఏం చేస్తాం! స్వరూప బీడీలు చుడుతూనే చదివి నర్సింగ్ ప్రవేశ పరీక్షకు సిద్ధమైంది. ఆ ఏడు సీటు రాకపోతే వయసు దాటిపోతుంది. చదువు ఆమెది, పద్ధతి నాది. ఉద్యోగంలో ఉండగా నేను రాసిన పరీక్షల జవాబులన్నీ గీతలు గీసి లెక్కవేస్తే, ఎ, బి, సి, డిల్లో 'సి' అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది. ఎందుకబ్బా అని మూడు రోజులు ఆలోచించాను. పేపరు తయారుచేసేవాడు జవాబును మొదట్లో పెడితే దొరికిపోతుందనీ, చివర పెడితే అనుమానం వస్తుందనీ మధ్యలో దాస్తాడు, మనం బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో దాచినట్టు.

"తెల్వకుంటే సి పెట్టు బిడ్డా. ఒక్క గడి గూడ ఖాళీ ఇడువకు," అన్నాను.

కామారెడ్డిలో పరీక్ష అయ్యాక ఎల్లారెడ్డి బస్సెక్కాం.

"అన్ని నింపినవా?"

"లేదు మామా. ఇరవై రెండు ఇడిసిపెట్టిన."

నా గుండె బస్సు కంటే ముందు ఆగింది. "ఉత్తగొచ్చే మార్కులు పారేస్తవా?"

"తప్పుకొక మార్కు కోస్తరట మామా. పేపర్ మీదనే రాసిండ్రు."

"భయపెట్టనీకి గట్లనే రాస్తరు! కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ లేదా? ఎవరన్న సచ్చిండ్రా?"

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "సచ్చిండ్రు పెద్దాయనా."

స్వరూప కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అప్పుడైనా నోరు మూసుకోవాలా, వద్దా? మీరే చెప్పండి. నేను ఇంటికొచ్చి సత్తెమ్మకు కూడా చెప్పాను: "నీ కోడలు సీటు పోగొట్టింది!"

"పొద్దటి సంది పిల్ల ఏం తినలే. ఏడిపించుడు గూడ నీ పద్ధతేనా?" అంది సత్తెమ్మ.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ ప్రశ్నపత్రమే తీసుకుని, నూటికి నూరు ప్రశ్నలూ రాసి చూపిస్తానని కూర్చున్నాను. క్లోమం ఒంట్లో ఎక్కడుంటుందో నాకు తెలియదు. అయినా 'సి'లోనే ఉందని రాశాను.

మర్నాడు పొద్దున ఫోన్లో జవాబులు వచ్చాయి. స్వరూప చదువుతుంటే నేను ఎర్రపెన్నుతో దిద్దాను. ఆమె రాసిన డెబ్బై ఎనిమిదిలో డెబ్బై సరైనవి, ఎనిమిది తప్పులు. కోత పోను అరవై రెండు. కిందటేడు యాభైకే సీటు వచ్చిందట. స్వరూప ఫోన్ గుండెకు హత్తుకుంది.

"మరి నీయి?" అంది సత్తెమ్మ, నన్ను వదలకుండా.

సరైనవి ఇరవై, తప్పులు ఎనభై. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు. నేను ఊరకుండలేదు, కనీసం గుండుసున్నా కూడా దక్కలేదు.

"మైనస్ అరవై," అన్నాను.

"అంటే?"

స్వరూప కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అంటే అత్తమ్మా, పరీక్షకు పోకుండ ఇంట్ల పండుకున్నోళ్ళు గూడ మామకంటె అరవై మార్కులు ముందటున్నరు."

సత్తెమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది. "గట్లయితే నేను గెల్చినట్టే గద!"

ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: తెలియనిదానికి ఈ జన్మలో జవాబు చెప్పను. వాన పడుతుందా అని ఎవరైనా అడిగితే, తడిశాకే చెబుతాను.