మల్లి చెప్పిన జవాబు

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోవడమే మేలు. తెలిస్తే నంద్యాలలో నాకు వేసిన దండలు గుర్తొస్తాయి మీకు. 

నేను దేశం తరఫున రగ్బీ ఆడాను. ఆడపిల్లల జట్టుకు కెప్టెన్‌గా కూడా చేశాను. మల్లిని ఆ జట్టులోకి తెచ్చింది నేనే. ఆళ్లగడ్డ పిల్ల. మా వైపు రగ్బీ అంటే ఎవరికి తెలుసు? కబడ్డీలో కాళ్లు పట్టి పడేసే పిల్లలను ఏరుకొచ్చి, చేతికి బంతి ఇచ్చి, ఇదీ అలాంటిదే అని చెప్పి నేర్పేవాళ్లం. మల్లి పట్టు పడితే ఎంతటి మనిషైనా నేలకు రావాల్సిందే. దానికి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. కోచ్ చెప్పింది దానికి నేను తెలుగులో చెప్పేదాన్ని. అది చెప్పింది వాళ్లకు నేనే చెప్పేదాన్ని. నేను ఏం చెబితే అదే దాని మాట.

పరాయి దేశంలో ఒక ఆట. ఆ ఆట ఓడితే కెప్టెన్సీ ఇంకొకరికి పోతుందని అప్పటికే నా చెవిన పడింది. ఆట మధ్యలో అవతలి పిల్ల మోకాలు మల్లి తలకు గట్టిగా తగిలింది. లేచి కూర్చుంది గానీ చూపు ఎటో ఉంది. మా డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. తలకు దెబ్బ తగిలితే కొన్ని ప్రశ్నలు వేస్తారు, జవాబు తప్పితే బయటికి పంపుతారు. ఎవరితో ఆడుతున్నారో అడగమన్నాడు నన్ను.

“మల్లీ, ఎవురితో ఆడతాండాం?”

“గడివేములోళ్లతో గదక్కా. మా నాయన యాడ కూచున్నాడు?”

గడివేముల జట్టుతో అది కబడ్డీ ఆడింది బడి రోజుల్లో. వాళ్ల నాయన పోయి అప్పటికి చాలా కాలమైంది.

నేను డాక్టరు వైపు తిరిగాను. సరైన జవాబే చెప్పిందన్నాను. తల నొప్పిగా ఉందా అని అడగమన్నాడు. “నెత్తి దిమ్మెక్కిందక్కా” అంది మల్లి. ఏమీ లేదంటోందని చెప్పాను. ఎంత సులువుగా వచ్చాయి ఆ మాటలు! నాలుక కూడా తడబడలేదు. బయట ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది, కానీ ఆ పిల్ల మల్లి అంత గట్టిది కాదు. ఆ లెక్క వేసుకున్న బుర్ర ఇదే, ఇప్పుడు మీకు నీతిగా ఈ మాటలు రాస్తున్నదీ ఇదే.

డాక్టరు నమ్మి వదిలాడు. కాసేపటికే మల్లికి ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి లేవలేదు.

ఆట మేమే గెలిచాం. కెప్టెన్సీ నాకే మిగిలింది. సరిగా చూడలేదని డాక్టరును జట్టు నుంచి తీసేశారు. అప్పుడైనా నోరు విప్పానా? తల వంచుకుని కూర్చుంటే బాధపడుతున్నానని అనుకున్నారందరూ.

మల్లి ఇప్పుడు ఆళ్లగడ్డలో తల్లి దగ్గర ఉంటోంది. వెలుతురు పడదు, కిటికీలు మూసే ఉంచుతారు. మాట ముద్దముద్దగా వస్తుంది. నేను వెళ్తే వాళ్లమ్మ ఉగ్గాని చేసి పెడుతుంది. తింటాను. ఎలా తింటానో నాకే తెలియదు, కానీ పళ్లెం ఖాళీ అవుతుంది. మొన్న వెళ్లినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“దాని మాట మాకే తెలీడం లే పాపా. నీకైతే తెలుస్తాది. కర్నూలు డాక్టరు కాడికి నువ్వూ రా. అది చెప్పేది ఆయప్పకు నువ్వే చెప్పాల.”

వస్తానన్నాను. బయటికి వచ్చి గోడవార కక్కుకున్నాను.

తొందరలో పొరబడ్డానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. చచ్చిపోయిన నాయన కోసం అది వెతుక్కోవడం కళ్లారా చూశాను. దానికి అప్పుడు స్పృహ సరిగా లేదని నాకు తెలుసు. తెలిసే పంపించాను.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక గుండె కాస్త తేలికైంది. మల్లి ఆ చీకటి గదిలోనే ఉంది, నాకు మాత్రం తేలికైంది. అలా తేలికైనందుకూ నాకు రోతగానే ఉంది.