అమ్మ కుదిర్చిన కిరాయిదారు

దయ్యాలంటే నాకు నవ్వు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఫ్యాక్టరీలో మావాళ్లు భోజనాల దగ్గర అలాంటి కథలు మొదలుపెడితే, "కండ్లార చూసినోడే చెప్పాలె, విన్నోడు వద్దు" అని నోరు మూయించేవాణ్ణి. అందుకే ఈ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే నేనూ కళ్లారా చూడలేదు.

డెబ్భైల మొదట్లో మాట. మాదన్నపేటలో మాది రెండు వాటాల పెంకుటిల్లు. వెనక వాటాలో మేం ఉండేవాళ్లం, ముందు వాటా కిరాయికిచ్చేవాళ్లం. అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. నా భార్య సుజాతకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. ఆమెకు తల్లి లేదు, ఇంట్లో పెద్ద దిక్కు లేదు. నేను పొద్దున డ్యూటీకి పోతే మళ్లీ సాయంత్రమే రావడం. ముందు వాటాలోకి ఎవరొస్తారన్నది మాకు కిరాయి సంగతి కాదు. నొప్పులొస్తే పక్కన ఎవరుంటారు అన్నదే మా దిగులంతా.

అమ్మ ఉన్నన్నాళ్లూ కిరాయిదార్లను ఆమే ఎంచేది. ఉద్యోగమేంటి, ఊరేంటి అని ఒక్క ముక్క అడిగేది కాదు. ఇల్లు చూడ్డానికొచ్చిన ఆడమనిషిని "జెర మార్కెట్ దాకా పోయొద్దాం రా బిడ్డా" అని వెంటబెట్టుకుపోయేది. ఆమె కూరగాయలు ఏరుతుంటే పక్కన నిలబడి చూసేది. టమాటాలు పిసికి పారేసేవాళ్లు, అమ్మేవాళ్లతో లొల్లి పెట్టుకునేవాళ్లు అక్కడే ఫెయిల్. నచ్చితే తన వక్కల సంచిలోంచి బెల్లం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టేది. ఇక ఇల్లు ఖాయం, దేవుడొచ్చి చెప్పినా మాట మార్చేది కాదు. ఆ సంచిలో లవంగాలు కూడా ఉండేవి కాబట్టి బెల్లానికీ ఆ వాసనే. మేం ఎంత ఆటపట్టించినా, ఆమె తెచ్చినవాళ్లెవరూ మమ్మల్ని ఏడిపించలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

నా పద్ధతి వేరు. పద్నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. జీతమెంత, పిల్లలెందరు, చుట్టాలు ఎన్నాళ్లకోసారి వస్తారు, రేడియో ఎంత గట్టిగా పెడతారు. వచ్చినవాళ్లను వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి పరీక్ష పెట్టేవాణ్ణి. ఒకాయన తొమ్మిదో ప్రశ్న దగ్గర లేచి, "ఇల్లు ఇస్తున్నరా, పోలీసు నౌకరీ ఇస్తున్నరా సాబ్?" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. లోపల సుజాత కడుపు పట్టుకుని నవ్వడం నాకు బయటికే వినిపించింది.

చివరికి ఒక గుమాస్తా పద్నాలుగింటికీ పద్నాలుగు మార్కులు తెచ్చుకున్నాడు. భార్యాభర్తలిద్దరే, నెమ్మదస్తులు. మర్నాడొచ్చి తాళంచెవి తీసుకోమన్నాను.

మర్నాడు పొద్దున అతనికంటే ముందు ఒకావిడ వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయేమో. పేరు అనసూయ. భర్త బస్సు డ్రైవరు, నలుగురు పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. జహనుమా బస్తీలో వాళ్లుంటున్న ఇంటిని ఓనరు అమ్మేశాడట. ఆమె నా స్టూలు వైపు చూడనైనా లేదు.

"సామాను ఎప్పుడు తెచ్చుకోవాలె తమ్మీ?" అంది.

ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చానన్నాను.

"గట్లెట్ల? నిన్న మార్కెట్ల మీ అమ్మ నాకిచ్చింది గదా మాట! నేను వంకాయలు ఏరుతుంటే వచ్చి పక్కకు నిలబడ్డది. ఇల్లు ఖాళీగున్నది, కోడలికి నెలలు నిండుతున్నయి, నువ్వు రా బిడ్డా అన్నది. బెల్లం గూడ పెట్టింది. ఏం బెల్లమో, అంత లవంగం వాసనే!"

మా అమ్మ సంగతులు పాత కిరాయిదార్లెవరో చెప్పి పంపారనుకున్నాను. మార్కెట్లో చూసిన ఆమె ఎట్లా ఉందని అడిగాను, అబద్ధం పట్టుకుందామని. గడ్డం మీద పచ్చబొట్టు, ఎడమ చెవికి కమ్మ లేదు అంది. ఆ కమ్మ ఆసుపత్రిలో ఎక్కడో పడిపోయింది. అమ్మ ఒంటి కమ్మతో ఉన్నది చివరి నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ మంచం పక్కన ఉన్నది నేనూ, సుజాతా.

ఈలోగా సుజాత గడపలోకి వచ్చింది. కళ్లనిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. "అత్తమ్మ మాటిచ్చినంక ఇంకేం మాట్లాడుతరు? రాండ్రి అక్కా" అంది. ఉన్న నిజం చెబితే అనసూయక్క భయపడి పారిపోతుందేమోనని నా నోటికి ఏదొస్తే అది అనేశాను. "అమ్మ నిన్న సాయంత్రమే ఊరికి పోయింది అక్కా." ఆమె "ఊఁ" అని తలూపింది, అంతే.

గుమాస్తాకు చేతులు జోడించి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రం మార్కెట్‌కు వెళ్లి వంకాయలమ్మే బాలమణికి అనసూయక్క పోలికలు చెప్పి, నిన్న ఆమె పక్కన ఎవరున్నారని అడిగాను. బాలమణికి అమ్మ బాగా తెలుసు.

"గామె ఒక్కతే ఉండె సారూ. పక్కకెవ్వరు లేరు. తనల తనే మాట్లాడుకుంట, నవ్వుకుంట ఏరింది. జెర పాగల్ అనుకున్న" అంది.

అక్కవాళ్లు దిగాక మూడు వారాలు మా ఇంట్లో మళ్లీ సందడే సందడి. అక్క పచ్చళ్లు, అక్క పాటలు, సుజాతతో కలిసి నా పద్నాలుగు ప్రశ్నల మీద వేళాకోళం. అమ్మ ఎప్పుడొస్తుందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. నా అదృష్టం అనుకున్నాను.

లెక్క ప్రకారం ఇంకా ఇరవై రోజులుందనగా మధ్యాహ్నం పూట నొప్పులొచ్చాయి. నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. అక్క రిక్షా పిలిచి, సుజాతను ఒళ్లో పట్టుకుని ప్రసూతి ఆసుపత్రికి చేర్చింది. కబురు తెలిసి సైకిల్ మీద ఎట్లా వెళ్లానో నాకే తెలియదు. "ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేది" అని తర్వాత చెప్పారు డాక్టరమ్మ.

వార్డు గుమ్మంలోనే అక్క ఎదురొచ్చింది. "ఆడపిల్ల తమ్మీ! తల్లి, బిడ్డ మస్తుగున్నరు. ఇంక ఫికర్ లేదు!"

అంత సంతోషం నా జన్మలో ఎరుగను. ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ ఏడుపులోనే అసలు సంగతి బయటపెట్టేశాను.

"అక్కా, నీకు అబద్ధం చెప్పిన. మా అమ్మ ఊరికి పోలేదు. సచ్చిపోయి ఏడాది కావొస్తుంది."

అక్క నవ్వింది. "నాకెరుకే తమ్మీ. గా దినం మార్కెట్ల మీ అమ్మనే చెప్పింది. మావోడు నేను ఊరికి పోయిన్నని చెప్తడు, వాన్ని పరేషాన్ చెయ్యకు, ఊఁ అని తలూపు అన్నది."

పచ్చబొట్టు గురించీ, లవంగం వాసన గురించీ, ఆఖరికి ఆ కమ్మ గురించీ ఎవరైనా చెప్పి ఉండొచ్చని నాకు నేను సర్దిచెప్పుకోగలను. కానీ ఆ అబద్ధం ఆడతానని నోట్లోంచి ఊడిపడే క్షణం దాకా నాకే తెలియదు. అంతకు ముందురోజే ఆ మాట అక్కకు ఎవరు చెప్పారో, ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.